పేట పిల్లాడి అల్లరీ, బడి బెత్తమూ

ఒకే పని ఇద్దరు పిల్లలు చేస్తారు. పాఠం మధ్యలో లేచి నిలబడతారు. పక్కవాడి పెన్సిలు లాక్కుంటారు. ప్రశ్న పూర్తికాకముందే జవాబు అరుస్తారు. ఊళ్ళో పిల్లాడు చేస్తే "మహా చురుకండీ, ఒక్క క్షణం కుదురుగా ఉండడు" అని మాష్టారు నవ్వుతారు. పేట పిల్లాడు చేస్తే "పొగరు, తలబిరుసు, వీడికి చదువెందుకు" అంటారు. ఒకడి అల్లరి వయసుతో పోయేది, రెండోవాడి అల్లరి పుట్టుకతో వచ్చింది! మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ పల్లెల్లో దళిత పిల్లలు బడి మానేసినప్పుడు రిజిస్టర్లో "హాజరు లేదు" అని మాత్రమే పడుతుంది. "సారు కొడతన్నాడని ఎల్టం లేదు" అనే మాట ఏ రిజిస్టరుకీ ఎక్కదు. ఆ మాట దగ్గర్నించే ఈ చర్చ మొదలుపెట్టాలి.

మొదలుపెట్టేముందు మనలో మనకున్న ఒక తగాదా తేల్చుకోవాలి. కార్యకర్తల్లో కొందరు, పిల్లాడికి ఏ ఇబ్బందీ లేదు, ఉన్నదంతా కుల వివక్షే అంటారు. శిక్షణా తరగతులకెళ్ళొచ్చిన టీచర్లలో కొందరు, కులం గిలం ఏంలేదు, పిల్లాడికేదో జబ్బుంది అంటారు. మొదటివాళ్ళు చెప్పినట్టు వింటే, నిజంగానే ధ్యాస నిలవక అవస్థపడే పిల్లాడికి అందాల్సిన సాయం అందదు. రెండోవాళ్ళు చెప్పినట్టు వింటే, ఆకలికీ అవమానానికీ కూడా జబ్బు పేరు పెట్టేస్తాం. రెండింటినీ ఒకేసారి చూడగలగాలి. కష్టమే, కానీ పిల్లాడి విషయంలో తేలికదారి లేదు.

బడి ఎవరి కోసం కట్టారు?

ఈ ప్రాంతంలో ఇంగ్లీషు చదువుకి పేరుమోసిన ఊరు బందరు. చర్చి మిషన్ సొసైటీ తరఫున 1841లో బందరొచ్చిన రాబర్ట్ నోబుల్ 1843లో అక్కడ బడి పెట్టాడు. అదే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. ఆ బడి ప్రధానంగా పై కులాల పిల్లల్ని ఉద్దేశించి నడిచింది. పైవాళ్ళు మారితే కిందివాళ్ళు వాళ్ళే మారతారని ఆనాటి మిషనరీల్లో కొందరి లెక్క. లెక్క తలకిందులైంది. కృష్ణా జిల్లా రాఘవాపురంలో మాల నాయకుడు పగోలు వెంకయ్య 1859లో బాప్తిస్మం తీసుకున్నాక, కదిలింది మాలపల్లెలు. అప్పట్నించే ఆ పల్లెల్లో మిషన్ బడులు లేచాయి. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో గుడివాడలో గూడూరు రామచంద్రరావు సేవాశ్రమం నడిపి పంచమ పిల్లలకి చదువు చెప్పించారు. అంటే దళిత పిల్లాడు బడిలోకి వచ్చింది పక్కదారిన. నడిగుమ్మం తెరిచి ఎవరూ పిలవలేదు.

ఈ మాట ఎందుకంటే, అప్పటి బడి ఊహించుకున్న విద్యార్థి ఒకడున్నాడు. వాడు ఇంట్లో అప్పటికే కూర్చోవడం నేర్చుకున్నవాడు. తాతో తండ్రో ఎదురుగా కూర్చోబెట్టి వల్లె వేయించినవాడు. కదలకుండా కూర్చోవడమే బుద్ధి, బాసింపట్టు వేసుకుని వినడమే చదువు. కూలికెళ్ళే ఇంట్లో పిల్లాడు నేర్చుకునేది వేరు. గేదెని తోలుకెళ్ళాలి, చెల్లిని చంకనెత్తుకోవాలి, కాలవలో దిగి బిందె ముంచాలి, చేలో రాలిన కంకులు ఏరుకురావాలి. ఒళ్ళు కదిపితేనే మెచ్చుకోలు. అలాంటి పిల్లాణ్ణి తెచ్చి ఆరు గంటలు నేలమీద కదలకుండా కూర్చోమంటే వాడి ఒళ్ళు ఒప్పుకోదు. అది లోపం కాదు, ఇంకో శిక్షణ. కానీ పాత వీధిబడి నుంచి బడికి వచ్చిన ఆస్తి ఏమిటంటే కోదండం, గోడకుర్చీ, తొడపాశం, గుంజీలు. కోదండం పోయింది. మిగిలినవి ఇంకా ఉన్నాయి. "దండం దశగుణం భవేత్" అన్న మాట ఇప్పటికీ స్టాఫ్ రూముల్లో నవ్వుతూ చెప్పుకుంటారు.

కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ 2007లో విడుదల చేసిన అధ్యయనం 13 రాష్ట్రాల్లో పన్నెండు వేల పైచిలుకు పిల్లల్ని అడిగింది. బడికెళ్ళే పిల్లల్లో 65 శాతం మంది దెబ్బలు తిన్నామన్నారు. ఆ 13లో ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. హింస ఎక్కువగా కనిపించిన రాష్ట్రాల వరసలోనే ఉంది.

చూపు చేసే పని

టీచరు చూపు పిల్లాడి చదువుని మారుస్తుందనడం ఆవేశంతో అనే మాట కాదు. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో చేసి 2004లో ప్రకటించిన ప్రయోగం చూడండి. ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకి కాగితం మీద దారి వెతికే చిక్కుముడి బొమ్మలిచ్చి, ఎన్ని విప్పితే అన్ని డబ్బులన్నారు. కులం మాట ఎత్తనప్పుడు కింది కులాల పిల్లలూ పై కులాల పిల్లలూ సమంగా విప్పారు. అందరి ముందూ పేరు, ఊరు, కులం చదివి వినిపించినప్పుడు, అవే బొమ్మలు, కింది కులాల వాళ్ళ లెక్క పడిపోయింది. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. కులం పైకి చెప్పారు, అంతే. మన బళ్ళల్లో స్కాలర్‌షిప్ ఫారాలు నింపేటప్పుడు "ఎస్సీ పిల్లలంతా లేచి నిలబడండి" అంటారే, ఆ రోజు మధ్యాహ్నం లెక్కల క్లాసులో ఏం జరుగుతుందో ఎవరైనా గమనించారా?

రీమా హన్నా, లీ లిండెన్ 2012లో ప్రచురించిన పరిశోధన ఇంకొంచెం ఇబ్బంది పెడుతుంది. జవాబుపత్రాల మీద పిల్లల కులం వివరాలు ఇష్టమొచ్చినట్టు మార్చి వేసి టీచర్ల చేత దిద్దించారు. కింది కులమని రాసున్న పేపర్లకి మార్కులు కొంచెం తగ్గాయి. తేడా చిన్నదే. కానీ తగ్గించినవాళ్ళలో కింది కులాల టీచర్లే ముఖ్యంగా కనిపించారు. ఈ ఫలితాన్ని మనం దాచిపెట్టుకోనక్కర్లేదు. దళిత టీచర్లు బళ్ళల్లో పెరిగారు, మంచిదే. కానీ తాము దెబ్బలు తిని పైకొచ్చాం కాబట్టి దెబ్బలవల్లే పైకొచ్చామనుకునేవాళ్ళు మనలోనూ ఉన్నారు. "మన పిల్లలు బాగుపడాలనే కొడుతున్నా" అనే బెత్తం కూడా బెత్తమే.

అమెరికాలో నల్లపిల్లల కథా ఇదే దారి. అక్కడి విద్యాశాఖ పౌరహక్కుల కార్యాలయం 2014లో ప్రకటించిన లెక్కల్లో, ఇంకా ఒకటో తరగతికి రాని చిన్నపిల్లల బళ్ళల్లో నల్లపిల్లలు 18 శాతం. ఒకసారికి మించి సస్పెండయిన పిల్లల్లో వాళ్ళు 48 శాతం. నాలుగేళ్ళ పిల్లల్ని సస్పెండ్ చెయ్యడమేమిటని మనకి ఆశ్చర్యం. అక్కడ రంగు చేసే పని ఇక్కడ పేట పేరు చేస్తుంది.

భాష సంగతి కూడా ఇందులోదే. కృష్ణా డెల్టా మాట శిష్ట వ్యావహారికమని పేరు, పత్రికల తెలుగుకి మూలమంటారు. ఏ డెల్టా మాట? ఊళ్ళో మాట. పేట పిల్లాడు "ఆడు నన్ను కొట్టేడండి, నేనెల్తన్నా" అంటే "వాడు అనరా వెధవా" అని ముందు ఉచ్చారణ దిద్దుతారు. దెబ్బ తిన్న సంగతి వెనక్కిపోతుంది. నాలుగుసార్లు ఇలా జరిగాక పిల్లాడు నోరు మూసుకుంటాడు, చేతులతో మాట్లాడటం మొదలుపెడతాడు. దాన్ని మనం కొట్లాట అంటాం.

కుదురు లేకపోవడానికి కారణాలు

పిల్లాడు నిలవడంలేదంటే మొదట చూడాల్సింది మనసు కాదు, కడుపు. ఉదయం ఏం తిన్నావని అడగండి. వరికోతల రోజుల్లో, మినుము పీకే రోజుల్లో తల్లి తెల్లారకుండానే పనిలోకెళ్తుంది. పిల్లాడు టీ నీళ్ళు తాగి వస్తాడు. 2001 నవంబరు 28 నాటి సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత 2003 నుంచి మన రాష్ట్రంలో బడిలో వండిన భోజనం పెడుతున్నారు. అది మధ్యాహ్నానికి. పదకొండు గంటల లెక్కల క్లాసుకి ఆకలి తీరదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం రాష్ట్రంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత. ఆ పిల్లలే మన ఒకటో తరగతికి వచ్చేది. రక్తం తక్కువైన పిల్లాడికి ధ్యాస నిలవదు, చిరాకెక్కువ. నులిపురుగుల మాత్రా, ఐరన్ మాత్రా బడికి వచ్చినప్పుడు రిజిస్టర్లో టిక్కు పెట్టి ఊరుకోకుండా పిల్లాడు మింగాడో లేదో చూడటం పాఠం చెప్పడమంత పని.

తర్వాత చెవి. చెరువుల్లో, కాలవల్లో ఈదే పిల్లల్లో చీము కారే చెవులు చూస్తూనే ఉంటాం. సగం వినపడని పిల్లాడు "చెప్పిన మాట వినడు". అక్షరాలా నిజం, వినపడదు కాబట్టి వినడు. వెనకనించి మెల్లగా పేరు పెట్టి పిలిచి చూడండి. కన్నూ అంతే. బోర్డు కనపడనివాడు పక్కవాడి పుస్తకంలోకి వంగుతాడు, వాడు తోస్తాడు, వీడు కొడతాడు, శిక్ష వీడికే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం బళ్ళకి వచ్చి పరీక్షించాలి. వాళ్ళు వచ్చిన రోజున "ఈ నలుగుర్ని చూడండి" అని చెప్పగలిగేది టీచరే.

నిద్ర. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి రోజుకి తొమ్మిది గంటలైనా నిద్ర కావాలి. దివిసీమలో రొయ్యల చెరువుల మీద కాపలాకి తండ్రితోపాటు వెళ్ళే పిల్లాడికి, దోమల మధ్య రేకుల షెడ్డులో పడుకునేవాడికి ఆ నిద్ర ఎక్కడిది? పెద్దవాళ్ళకి నిద్ర చాలకపోతే కూలబడతారు. పిల్లలు చాలాసార్లు దానికి తలకిందులుగా గంతులేస్తారు. నిద్రలేమీ అల్లరీ ఒకేలా కనిపిస్తాయి.

భయం సంగతి దివిసీమకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన పదివేల మందికి పైగా పొట్టనపెట్టుకుంది. ఆనాడు బతికి బయటపడ్డ పిల్లలు ఇవాళ తాతలు, అమ్మమ్మలు. గాలి పెరిగితే ఇప్పటికీ నిద్రపోని ఇళ్ళున్నాయి. ఉప్పెన ఒక్కటే కాదు, తాగొచ్చి కొట్టే తండ్రి, ఊరికీ పేటకీ గొడవైన రాత్రి, పోలీసులు ఇంటికొచ్చిన రోజు, ఇవన్నీ పిల్లాడి ఒంట్లో ఉంటాయి. చిన్న చప్పుడుకి ఉలిక్కిపడేవాడు, ఎవరు ముట్టుకున్నా చెయ్యెత్తేవాడు, ఎప్పుడూ గుమ్మంవైపే చూసేవాడు భయపడుతున్న పిల్లాడు. వాడి మీద బెత్తం ఎత్తితే ఆ భయమే నిజమని రుజువు చేసినట్టు.

ఇవన్నీ సరిచూశాక కూడా నిలకడలేని పిల్లలు కొందరుంటారు. ధ్యాస నిలవకపోవడం, అతి చురుకు కలిసిన స్థితిని డాక్టర్లు ఎ.డి.హెచ్.డి. అంటారు. ప్రపంచమంతటా పిల్లల్లో సుమారు 5 శాతం మందికి ఉంటుందని అంచనా. నలభైమంది తరగతిలో ఇద్దరన్నమాట. ఏ కులమైనా అంతే. డాక్టరు దీన్ని తేల్చాలంటే కొన్ని కొలతలున్నాయి: లక్షణాలు పన్నెండేళ్ళలోపే మొదలవ్వాలి, ఆరు నెలలైనా ఉండాలి, బళ్ళోనే కాకుండా ఇంట్లోనో ఆటలోనో రెండు చోట్లయినా కనిపించాలి, వాటివల్ల పిల్లాడి రోజువారీ బతుకు చెడాలి. ఈ "రెండు చోట్ల" అన్న షరతు మనకి చాలా ముఖ్యం. పేటలో కుదురుగా ఉండి, ఇంట్లో చెప్పిన పని చేసి, ఒక్క బళ్ళోనే, అందునా ఒక్క సారు క్లాసులోనే అల్లరి చేసే పిల్లాడుంటే పరీక్ష చెయ్యాల్సింది పిల్లాణ్ణి కాదు.

ఇక్కడో పొరపాటు తరచూ జరుగుతుంది. "కాలవ గట్టున గాలం వేసుకుని రెండు గంటలు కదలకుండా కూర్చుంటాడు, బళ్ళో పది నిమిషాలు కూర్చోలేడు, కాబట్టి కావాలనే చేస్తున్నాడు" అంటారు. ఎ.డి.హెచ్.డి. ఉన్న పిల్లలు ఇష్టమైన పనిలో, వెంటనే ఫలితం కనపడే పనిలో లీనమవుతారు. బెండు మునిగితే చేప. పాఠంలో ఫలితం ఎప్పుడో పరీక్షలకి. ధ్యాసని తమంతట తాము ఒకచోట నిలిపే శక్తి మెదడులో మెల్లగా ఎదుగుతుంది. దానికి బద్ధకమనో మొండితనమనో పేరు పెట్టడం తప్పు. అయితే గాలం మీద కూర్చున్నంతమాత్రాన జబ్బు ఉందనీ కాదు, లేదనీ కాదు. గాలం చెప్పేది ఒకటే: ఈ పిల్లాడికి ధ్యాస ఉంది, దాన్ని పట్టుకునే పాఠం మన దగ్గర లేదు.

క్లాసులో ఏం చెయ్యొచ్చు

రెండు తరగతుల్ని ఒకే గదిలో పెట్టుకున్న టీచరుకి పుస్తకాల్లో సలహాలు చదివితే కోపమొస్తుంది. న్యాయమే. అంచేత ఖర్చులేనివీ, ఒక్కడే టీచరున్నా చెయ్యగలిగినవీ చెప్పుకుందాం.

పిల్లాణ్ణి ముందు కూర్చోబెట్టండి. టీచరు చెయ్యి అందేంత దగ్గర, కిటికీకీ గుమ్మానికీ దూరంగా. ఇది ప్రపంచమంతటా చెప్పే సలహా. మన దగ్గర దానికి ఇంకో అర్థముంది. అంబేడ్కర్ చిన్నతనంలో విడిగా గోనెపట్టా మీద కూర్చుని చదివిన దేశంలో, పేట పిల్లాణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టడం వైద్యమూ అవుతుంది, న్యాయమూ అవుతుంది. కానీ "అల్లరోడు ముందుకి రా" అని పిలిచి కూర్చోబెడితే రెండూ కాదు. నెలకోసారి అందరి చోట్లూ మార్చండి, ఆ మార్పులో వాడు ముందుకొస్తాడు.

కదిలే పని ఇవ్వండి. పావుగంటకోసారి లేచే వీలుంటే నిలకడలేని పిల్లాడు మిగతా సమయం నిలుస్తాడు. ఇది అందరూ చెబుతారు. ఏ పని ఇవ్వాలో మాత్రం ఎవరూ చెప్పరు, ఎందుకంటే చెప్పేవాళ్ళకి ఆ ఇబ్బంది తెలీదు. మన బళ్ళల్లో "చురుకైనోడివి, పోయి ఊడ్చు", "నీళ్ళు మోసుకురా", "మరుగుదొడ్డి దగ్గర రెండు బకెట్లు కొట్టు" అనేది ఎవరితో? చీపురు పేట పిల్లాడికీ, హాజరుపట్టీ ఊళ్ళో పిల్లాడికీ ఇచ్చే టీచరు అల్లరికి వైద్యం చెయ్యడంలేదు, కులవృత్తి నేర్పుతున్నాడు. గంట కొట్టడం, పుస్తకాలు పంచడం, బోర్డు మీద తేదీ రాయడం, పక్క తరగతికి చీటీ పట్టుకెళ్ళడం, సైన్సు సామాను తీసిపెట్టడం, ఇవి ఇవ్వండి. ఊడ్చే పని ఉంటే టీచరు పిల్లలతో సహా అందరికీ వంతులు.

చెప్పేది ముక్కలుగా చెప్పండి. "పుస్తకం తీసి, 34వ పేజీలో లెక్కలు చేసి, చూపించి, ఇంటిపని రాసుకోండి" అంటే నిలకడలేని పిల్లాడి చెవిలో మిగిలేది "పుస్తకం తీసి". ఒకసారికి ఒకే పని. ఇరవై లెక్కలకి బదులు ఐదు చెయ్యనిచ్చి చూసి, మళ్ళీ ఐదు. తప్పు చేసినప్పుడు పట్టుకోవడం మనకి బాగా వచ్చు. బాగా చేసినప్పుడు పట్టుకోవడం నేర్చుకోవాలి. "మంచోడివి" అంటే వాడికేం తెలీదు. "నీ వంతు వచ్చేదాకా చెయ్యెత్తి ఆగావు చూడు, అది బాగుంది" అంటే తెలుస్తుంది. ఆ మాట వెంటనే పడాలి. సాయంత్రం చెబితే పాతదైపోతుంది. చిన్న చిన్న గొణుగుళ్ళు, కాళ్ళూపడం, పెన్సిలు తిప్పడం పట్టించుకోకండి. ప్రమాదమున్నదీ, ఇంకొకరికి దెబ్బ తగిలేదీ మాత్రం వెంటనే, కేకలెయ్యకుండా, చిన్న శిక్షతో ఆపాలి. ఆటవేళ తీసెయ్యడం శిక్షగా వాడొద్దు. ఒళ్ళు కదపకుండా ఆపినవాడు మధ్యాహ్నం రెట్టింపు కదుపుతాడు. కబడ్డీ, కోతికొమ్మచ్చి, బిళ్ళంగోడు వీళ్ళకి మందుతో సమానం.

అమెరికాలోని కాన్సాస్‌లో 1969లో ఒక పద్ధతి పరీక్షించారు. తరగతిని రెండు జట్లు చేసి, నియమం తప్పినప్పుడల్లా జట్టు ఖాతాలో గీత గీస్తారు. గీతలు తక్కువున్న జట్టుకి, లేదా రెండూ హద్దులో ఉంటే రెండింటికీ, చిన్న బహుమతి. ఖర్చు సుద్దముక్క. తర్వాత బాల్టిమోర్‌లో ఒకటో తరగతి పిల్లలతో ఇది ఆడించి పెద్దయ్యేదాకా గమనిస్తే, బాగా దుడుకుగా ఉన్న మగపిల్లల్లో మత్తుమందుల అలవాటు తగ్గింది. మన దగ్గర ఇది ఆడించేటప్పుడు ఒకే జాగ్రత్త: జట్లు ఊరూ పేటా కాకూడదు. పిల్లల్ని "మీకు మీరే జట్టు కట్టుకోండి" అని వదిలేస్తే అవే జట్లు పడతాయి. టీచరే కలపాలి.

తెలుగు టీచర్లలో "రైలుబడి" చదవనివాళ్ళు తక్కువ. కిటికీ దగ్గర నిలబడి అల్లరి చేస్తోందని ఒకటో తరగతిలోనే బడినుంచి పంపేసిన పిల్లని కొబయాషి మాష్టారు తన బళ్ళో చేర్చుకున్న నిజమైన కథ అది. ఆ పిల్ల తల్లి, నిన్ను పంపేశారన్న సంగతి కూతురికి పెద్దయ్యేదాకా చెప్పలేదు. మన పేటలో పిల్లాడికి ఆ సంగతి సాయంత్రానికల్లా వాడంతా చెబుతుంది. పైగా వెళ్ళడానికి ఇంకో బడి లేదు. పుస్తకం చదివి కళ్ళు తుడుచుకున్న టీచరు మర్నాడు తన వెనక బెంచీ వైపు చూడాలి.

అమ్మానాన్నలు

పేటనుంచి వచ్చిన తండ్రి మాష్టారి ముందు చేతులు కట్టుకుని "కొట్టండి సార్, నాలుగు తగిలిస్తేనే దారికొస్తాడు" అంటాడు. దీన్ని తల్లిదండ్రుల అనుమతి అనుకోకూడదు. బడితో మాట్లాడటానికి ఆయనకి తెలిసిన భాష అదొక్కటే. తన బతుకులో పై అధికారి ఎవరైనా కొట్టేవాడే. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, "మీవాడికి ఏది బాగా వచ్చు?" అని అడిగి చూడండి. ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న. ఇంట్లో ఏ పని చెబితే పూర్తిచేస్తాడో, ఎప్పుడు చిరాకుపడతాడో ఆయనకి తెలిసినంత మనకి తెలీదు.

రోజుకో చిన్న కబురు ఇంటికి పంపే పద్ధతి ఇలాంటి పిల్లలకి బాగా పనిచేస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. రెండో మూడో లక్ష్యాలు: చోటులో కూర్చున్నాడా, చెయ్యెత్తి మాట్లాడాడా, పని పూర్తిచేశాడా. అయినవాటికి ఒక గుర్తు. చదువురాని తల్లికి అక్షరాలు వద్దు, పొద్దు బొమ్మో వరికంకి బొమ్మో చాలు. మూడు కంకులొచ్చిన రోజు రాత్రి అమ్మ ఒక కథ చెప్పాలి, లేదా నాన్న కాలవకి తీసుకెళ్ళాలి. డబ్బు ఖర్చు లేదు. తక్కువొచ్చిన రోజు ఇంట్లో కొట్టకూడదన్నది మాత్రం ముందే మాట తీసుకోవాలి. లేకపోతే ఆ చీటీ బెత్తానికి రెండో కొస అవుతుంది.

మందుల గురించి రెండు మాటలు. మిథైల్‌ఫెనిడేట్ వంటి మందులు నిజంగా ఎ.డి.హెచ్.డి. ఉన్న పిల్లల్లో చాలామందికి పనిచేస్తాయి, ఆకలిని తగ్గిస్తాయి కూడా. అసలే బక్కచిక్కిన పిల్లాడి విషయంలో రెండో సంగతి చిన్నది కాదు. ఆరేళ్ళలోపు పిల్లలకి ముందు తల్లిదండ్రుల శిక్షణే అంటారు. మానసిక వైద్యుడు చూడకుండా ఎవరూ వాడకూడదు. మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది, అక్కడి ఆసుపత్రిలో అడగొచ్చు. ఊరునించి కదల్లేనివాళ్ళకి 14416 టెలిమానస్ ఫోను ఉంది. ఇంకో సంగతి తెలుసుకోవాలి: 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో చదవడం, రాయడంలో ప్రత్యేక ఇబ్బందులూ, ఆటిజమూ ఉన్నాయి, ఎ.డి.హెచ్.డి. విడిగా లేదు. చాలామంది పిల్లల్లో ఈ రెండూ కలిసి ఉంటాయి కాబట్టి చదవడం రాని పిల్లాణ్ణి ఆ కోణంనించి కూడా పరీక్ష చేయించాలి.

ఆడపిల్లల మాట ఈ చర్చలో ఎప్పుడూ తప్పిపోతుంది. వాళ్ళలో నిలకడలేమి చాలాసార్లు గంతులుగా కనపడదు. కిటికీలోంచి చూస్తూ, పుస్తకం ఇంట్లో మర్చిపోతూ, పిలిస్తే ఉలిక్కిపడుతూ ఉంటుంది. గొడవ చెయ్యదు కాబట్టి ఎవరికీ పట్టదు. ఇక గొడవచేసే ఆడపిల్లకి "మగరాయుడు" అని పేరు. పిల్లాడైతే దెబ్బలతో పోయేది, ఆడపిల్లకైతే చదువు మాన్పించి పద్దెనిమిది నిండకుండానే సంబంధం చూసేదాకా పోతుంది.

చట్టం చేతికి రావాలంటే

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2002లో విద్యా నిబంధనలు సవరించి బళ్ళల్లో కొట్టడాన్ని నిషేధించారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షను ఒంటి దెబ్బనీ, మానసిక వేధింపునీ రెండింటినీ నిషేధించింది. తప్పితే సర్వీసు నిబంధనల ప్రకారం చర్య. అదే చట్టం 16వ సెక్షను ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేలోపు ఏ పిల్లాణ్ణీ బడినుంచి వెళ్ళగొట్టకూడదు. 2019 సవరణ తర్వాత కూడా ఆ మాట నిలిచే ఉంది. అంటే "టీసీ ఇచ్చేస్తాం, తీసుకుపొండి" అనే బెదిరింపుకి చట్టంలో చోటు లేదు. పేటలో తల్లిదండ్రులకి మొదట చెప్పాల్సిన సంగతి ఇదే, ఎందుకంటే టీసీ చేతికి రాగానే చాలామంది మారుమాట్లాడకుండా పిల్లాణ్ణి పనిలో పెట్టేస్తున్నారు.

సాంఘిక సంక్షేమ హాస్టళ్ళ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. అక్కడ పిల్లాడు రాత్రి ఇంటికెళ్ళి చెప్పుకోలేడు. సంరక్షణలో ఉన్న పిల్లల్ని హింసించడం బాల న్యాయ చట్టం (2015) 75వ సెక్షను కింద నేరం. కులం పేరుతో తిడితే, తిట్టినవాళ్ళు ఎస్సీ ఎస్టీలు కానప్పుడు, 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఈ కేసులన్నీ పెట్టాలనడంలేదు. మొదటి మెట్టు విద్యా కమిటీ. అందులో మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలనీ, సగం ఆడవాళ్ళుండాలనీ, వెనకబడిన వర్గాల తల్లిదండ్రులకి దామాషా ప్రకారం చోటివ్వాలనీ చట్టంలోనే రాసి ఉంది. చాలాచోట్ల సంతకాలకే కమిటీ. పేట తల్లులు ఇద్దరు ముగ్గురు ప్రతి సమావేశానికీ వెళ్ళి కూర్చుంటే సంగతి మారుతుంది. అక్కడ తెగకపోతే 32వ సెక్షను కింద స్థానిక అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యొచ్చు, మూడు నెలల్లో తేల్చాలి. తేల్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్ ఉంది. పిల్లాడి తరఫున ఎవరైనా వెంటనే చెయ్యగలిగింది 1098కి ఫోను.

ఫిర్యాదు రాసేటప్పుడు తేదీ, సమయం, ఎక్కడ, దేనితో, ఎవరు చూశారు అన్నవి పిల్లాడి మాటల్లోనే రాయించండి. "ఆడు", "కొట్టేడు" అని వాడు చెబితే అలాగే ఉంచండి, దిద్దొద్దు. దెబ్బ కనపడుతుంటే అదే రోజు ప్రభుత్వాసుపత్రిలో చూపించి చీటీ తీసుకోండి. ఫిర్యాదు కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోకుండా ఆఫీసు గుమ్మం దిగొద్దు. మర్నాడు పిల్లాడితోపాటు పేటనుంచి ఒక పెద్దమనిషి బడిదాకా నడిచి వెళ్ళాలి, ఆ వారమంతా వెళ్ళాలి.